లెక్కకెక్కని రోగులు

కాలేయము గట్టిపడి ముడుచుకొనిపోయిన రోగికి అన్నింటికంటె పెద్ద భయము రక్తపువాంతి. ప్రేవులనుండి రక్తమును కాలేయమునకు చేర్చు ద్వారసిరకు దారి మూసికొనిపోవుటచేత ఆ రక్తము వెనుకకు తన్ని, అన్నవాహిక క్రిందికొసనున్న సన్నని సిరలను ఉబ్బించి, ఒకనాడు వానిని పగులగొట్టును. ఈ ప్రమాదమును తప్పించుటకై ద్వారసిరను కాలేయముతో నిమిత్తము లేకుండ నేరుగ అధోమహాసిరకు కలిపి కుట్టివేయు ఆపరేషనును ఇరువదవ శతాబ్ది మధ్యకాలమున శస్త్రవైద్యులు విరివిగ చేసిరి. ఆ ఆపరేషను నిజముగ ఆయుర్దాయమును పెంచుచున్నదా అను ప్రశ్నమీద ప్రకటింపబడిన 51 పరిశోధనలను, అమెరికా వైద్యుడు థామస్ చామర్స్, ఆయన సహచరులు 1966లో ఒకచోట చేర్చి, వ్రాసినవారి ఉత్సాహమెంత, వారి పరిశోధనావిధానమెట్టిది అను రెండు విషయములను మాత్రము ప్రక్కప్రక్కన వేసి చూచిరి.

పోల్చుటకు వేరొక రోగిసమూహమే లేక, ఇందరికి చేసితిమి, ఇందరు బ్రతికిరి అని చెప్పి ఊరకున్నవి 32. వానిలో 24 ఆపరేషనును వేనోళ్ళ కొనియాడినవి, 7 ఒక మోస్తరుగ మెచ్చుకొన్నవి, ఒక్కటి మాత్రము పెదవి విరిచినది. పోలికకు మరియొక సమూహమున్నను, యాదృచ్ఛికముగ విభజింపక నడపినవి 15. వానిలో 10 కొనియాడినవి, 3 మెచ్చుకొన్నవి, 2 పెదవి విరిచినవి. ఎవరికి ఆపరేషను, ఎవరికి మందు అను నిర్ణయమును చీటీలు వేసినట్లు యాదృచ్ఛికమునకు వదలినవి నాలుగే. ఆ నాలుగింటిలో కొనియాడినది ఒక్కటియు లేదు, ఒకటి ఒక మోస్తరుగ మెచ్చుకొన్నది, మూడు పెదవి విరిచినవి. వ్యాధి అదియే, ఆపరేషను అదియే. విధానము కట్టుదిట్టమైనకొలది ఉత్సాహము కరగిపోయినది.

ఎందుచేత కరగిపోయెనో చామర్స్ పట్టికలలోనే జాడ కలదు. ఆపరేషను పొందినవారిలో మూడేండ్లు బ్రతికినవారు, పరిశోధన ఏ తరగతిదైనను, నూటికి సుమారు 60 మంది. పొందనివారి సంగతి అట్లు కాదు: చీటీలు వేసిన పరిశోధనలలో వారును నూటికి 60 మందియే బ్రతికిరి, వేయని పరిశోధనలలో 45 మంది మాత్రమే. అనగా శస్త్రవైద్యుని కత్తి ఎచటను ఎక్కువ మందిని బ్రతికింపలేదు. ఆపరేషనుకు తట్టుకొనలేరని తోచిన దుర్బలులు పోలికసమూహములోనికి జారిపోయి, ఆ సమూహమును ముందుగనే మృత్యువునకు చేరువ చేసిరి.

ఇచట కూడికలలో పొరపాటు పడినవారెవరును లేరు. అజాగ్రత్తవలన దొర్లు తప్పులైనచో కొన్ని ఆపరేషనుకు అనుకూలముగను, కొన్ని ప్రతికూలముగను పడవలసియుండెను. ఇవి ఇంచుమించుగ అన్నియు ఒకే వైపున పడినవి. శస్త్రచికిత్సా పరిశోధనలోని గణాంకదోషములను గుర్తింపగోరువారు మొట్టమొదట గ్రహింపవలసినది ఈ మొగ్గునే. ఎవరిని లెక్కింపవలెను, ఎప్పటినుండి లెక్కింపవలెను, ఎవరితో పోల్పవలెను అను నిర్ణయములను ఫలితము కంటబడిన తరువాత చేసినచో, చేయువాడు ఎంతటి సత్యసంధుడైనను, అవి తాను నమ్మిన చికిత్సవైపునకే ఒరుగును. ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టిచూచిన చాలునను నానుడి, కుండలోని బియ్యమంతయు ఒకే ఎసటిలో ఒకే మంటమీద ఉడికినందున నిజమగుచున్నది. రోగులు అట్లు ఒకే ఎసటిలో ఉడికినవారు కారు.

గతముతో పోలిక

ఈ రంగమున ప్రాతఃస్మరణీయుడైన జోసెఫ్ లిస్టరు సైతము నిన్నటి రోగులతో నేటి రోగులను పోల్చియే తన వాదమును నిలిపెను. కార్బాలికామ్లముతో గాయములను శుద్ధిచేయు పద్ధతిని గ్లాస్గో నగరపు ఆసుపత్రిలో ప్రవేశపెట్టకముందు, 1864, 1866 సంవత్సరములలో, కాలుసేతులు తొలగించిన 35 మందిలో 16 మంది మరణించిరనియు, ప్రవేశపెట్టిన పిమ్మట 1867 మొదలు 1869 వరకు 40 మందిలో ఆర్గురే మరణించిరనియు ఆయన 1870లో ప్రకటించెను. తృప్తికరమైన పోలికకు ఈ సంఖ్యలు చాలవని ఆయన అచటనే స్వయముగ ఒప్పుకొనుట ఆయన వినయమునకే గాక వివేకమునకు కూడ నిదర్శనము.

లిస్టరు సిద్ధాంతము నిజమని తరువాత నిర్ద్వంద్వముగ తేలినది. కాని సిద్ధాంతము నిజమైనంతమాత్రమున దానిని నిరూపింపబూనిన పద్ధతి నిర్దోషమని చెప్పరాదు. నాలుగైదేండ్లలో ఆసుపత్రి గదులు మారును, దాదులు మారుదురు, మత్తుమందు ఇచ్చు నేర్పు మారును, చేయి తిరిగినకొలది శస్త్రవైద్యుడే మారును. ఈ మార్పులన్నింటి ఫలమును క్రొత్త పద్ధతి తన ఖాతాలో వ్రాసికొనును. నూటికి 46 మంది మరణించుచుండినచోట 15 మంది మరణించునంతటి పెద్ద తేడాకు గతముతో పోలిక కొంత తట్టుకొనగలదు. నేటి ఆపరేషనులలో మనము వెదకు తేడాలు అంత పెద్దవి కావు.

రాతి పరిమాణము

మూత్రపిండములోని రాళ్ళను తీయుటకు పూర్వము ప్రక్కను కోసి తెరచెడివారు; 1980 ప్రాంతమున వీపునుండి సన్నని రంధ్రము చేసి, గొట్టముద్వారా రాతిని బయటికి తీయు విధానము వచ్చినది. లండనునుండి 1986లో ప్రకటింపబడిన ఒక వ్యాసమున ఈ రెండు విధానముల ఫలితములు కలవు. మూడు మాసముల తరువాత రాయి బొత్తిగా లేకపోయినను, మిగిలిన తునక రెండు మిల్లీమీటర్లకు లోబడినను, చికిత్స సఫలమైనట్లు లెక్క. తెరచి తీసిన 350 మందిలో 273 మందికి, అనగా నూటికి 78 మందికి, సఫలమైనది; రంధ్రముద్వారా తీసిన 350 మందిలో 289 మందికి, అనగా నూటికి 83 మందికి, సఫలమైనది. క్రొత్త విధానమే మేలని తీర్పు చెప్పి ఎవరైనను పుస్తకము మూయవచ్చును.

కాని రాళ్ళను పరిమాణమునుబట్టి రెండు రాశులు చేసి చూడుడు. రెండు సెంటీమీటర్లకు లోబడిన చిన్నరాళ్ళలో, తెరచి తీసినవారిలో 87 మందికి గాను 81 మందికి, అనగా నూటికి 93 మందికి సఫలమైనది. రంధ్రముద్వారా తీసినవారిలో 270 మందికి గాను 234 మందికి, అనగా నూటికి 87 మందికి. పెద్దరాళ్ళలో, తెరచి తీసిన 263 మందిలో 192 మందికి, అనగా 73 శాతము. రంధ్రముద్వారా తీసిన 80 మందిలో 55 మందికి, అనగా 69 శాతము. చిన్నరాళ్ళలోను పాతదే మెరుగుగ నున్నది, పెద్దరాళ్ళలోను పాతదే మెరుగుగ నున్నది. రెండింటిని కలిపినంతనే క్రొత్తది మెరుగైనది! ఇందు ఇంద్రజాలమేమియు లేదు. తెరచి తీయుటకు వచ్చిన 350 మందిలో 263 మంది పెద్దరాళ్ళవారు, రంధ్రమునకు వచ్చిన 350 మందిలో 270 మంది చిన్నరాళ్ళవారు. కష్టమైన పనులన్నియు ఒకరికి, సులభమైన పనులన్నియు మరియొకరికి అప్పగించి, ఇర్వురి నైపుణ్యమును మొత్తపు మార్కులతో తూచినట్లయినది.

ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో ఒక వ్యాసమున చర్చించుటచేత దీనికి సింప్సన్ విరోధాభాసమని పేరు నిలిచినది. అట్లని పాతదే మేలని ఎదురుతీర్పు చెప్పుటయు తొందరపాటే. పాత ఆపరేషనులు 1972 మొదలు 1980 వరకును, క్రొత్తవి 1980 మొదలు 1985 వరకును జరిగినవి గనుక ఇదియు కాలాంతరపు పోలికయే. తెలిసిన భేదమును విడదీసి చూపుట లెక్కకు సాధ్యము. తెలియని భేదములను సరిసమానముగ పంచగలది చీటీ ఒక్కటే.

నిరీక్షణలో దాగిన ఆయుర్దాయము

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో 1967 డిసెంబరు 3న క్రిస్టియన్ బెర్నార్డు ఒక మానవునికి మరియొక మానవుని గుండెను అమర్చిన పిమ్మట, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డులో నార్మన్ షమ్వే బృందము 1968 జనవరిలో ఆ పనికి పూనుకొన్నది. కొన్ని సంవత్సరములలోనే, గుండెమార్పిడి జరిగినవారు జరుగనివారికంటె ఎక్కువకాలము జీవించుచున్నారని లెక్కలు వెలువడినవి. ఆ లెక్కలలోని లోపమును మిచెల్ గేల్ అను గణాంకశాస్త్రజ్ఞుడు 1972లో బయటపెట్టెను.

మార్పిడికి అర్హులని ఎన్నుకొన్న రోగులందరును దాత దొరకువరకు వేచియుండవలెను. ఎన్నికైన పదవనాడే మరణించినవాడు మార్పిడి జరుగనివారి పట్టికలోనికి పోవును. నలువది దినములు వేచి, దాత దొరకి, మార్పిడి జరిగినవాడు రెండవ పట్టికలోనికి వచ్చును. ఆ నలువది దినములు అతనిని బ్రతికించినది క్రొత్తగుండె కాదు, పాతగుండెయే. త్వరగ మరణించువారందరును ఒక పట్టికలోనే పడునట్లును, గట్టిప్రాణముగలవారే రెండవ పట్టికకు చేరునట్లును ఏర్పాటు దానియంతట అదియే జరిగిపోయినది. ఆపరేషను వలన ఏ మేలును లేకున్నను ఈ లెక్కలో మేలు కనబడి తీరును. దీనికి పరిహారము, రోగులందరి కాలమును ఒకే ముహూర్తమునుండి, అనగా చికిత్స నిర్ణయమైన దినమునుండి లెక్కించుట. లేదా ఒక రోగి వేచియున్న దినములను మార్పిడి లేనివారి ఖాతాలోను, అటుపై దినములను మార్పిడి పొందినవారి ఖాతాలోను విడివిడిగ వ్రాయుట.

పదునార్గురు

చీటీలు వేసినంతమాత్రమున చింత తీరదు. మెదడునకు రక్తమును కొనిపోవు మెడధమనులలో క్రొవ్వు పేరుకొని దారి ఇరుకైనచో పక్షవాతము వచ్చుననియు, ఆ ధమనిని చీల్చి శుభ్రపరచినచో తప్పుననియు తలంచి, అమెరికాలోని అనేక ఆసుపత్రులు కలిసి ఒక పెద్ద పరీక్ష నడపి 1970లో ఫలితములను ప్రకటించినవి. ఆసుపత్రినుండి పక్షవాతము లేకుండ ప్రాణములతో ఇంటికి వెడలిన రోగులలో, ఆపరేషను పొందిన 79 మందిలో 43 మందికి, అనగా 54 శాతమునకు, తరువాత తాత్కాలికపు మెదడుదాడియో, పక్షవాతమో, మరణమో సంభవించినది. మందులతోనే ఉన్న 72 మందిలో 53 మందికి, అనగా 74 శాతమునకు సంభవించినది. వాస్తవముగ ఏ భేదమును లేకున్నను కేవలము యాదృచ్ఛికముగ ఇంతటి తేడా కనబడుటకు నూటికి రెండు పాళ్ళే అవకాశము.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ సాకెట్, మైకేల్ జెంట్ 1979లో ఈ లెక్కను తిరిగి విప్పిరి. ఆసుపత్రినుండి పక్షవాతము లేకుండ ప్రాణములతో ఇంటికి వెడలిన రోగులు అను ఆ మెత్తని మాటలు ఎవరిని బయట నిలిపినవి? చీటీలో చేరి, ఆసుపత్రిలోనే పక్షవాతమువలననో మరణమువలననో లెక్కకెక్కకపోయినవారు 16 మంది. ఆ పదునార్గురిలో 15 మంది ఆపరేషను చీటీ వచ్చినవారు, ఒక్కడు మందుల చీటీ వచ్చినవాడు. వారిని యథాస్థానమున చేర్చినచో ఆపరేషను పక్షమున 94 మందిలో 58 మంది, అనగా 62 శాతము. మందుల పక్షమున 73 మందిలో 54 మంది, అనగా 74 శాతము. తేడా మూడవవంతుకు పైగ కరగిపోయి, యాదృచ్ఛికతకు నూటికి తొమ్మిది పాళ్ళ అవకాశము ఏర్పడినది.

ఆపరేషను పర్యవసానముగ కలిగిన ఆపదను ఆపరేషను లెక్కలోనుండి తొలగించుట అనౌచిత్యమని వేరుగ చెప్పనక్కరలేదు. చీటీ ఏది చెప్పినదో రోగి చివరివరకు ఆ పక్షమువాడే. ఆపరేషను చీటీ వచ్చినవాడు బల్లమీదికెక్కకముందే మరణించినను, భయపడి ఇంటికి పోయినను అతడు ఆపరేషను పక్షమువాడే. ఈ నియమము మొదట వింతగ తోచును, కాని రోగి ఎదుర్కొను నిర్ణయము సరిగ ఇట్టిదే గదా! ఆపరేషను సుఖముగ ముగిసి ఇంటికి వెళ్ళినవానికి ఎంత మేలని అతడు అడుగుట లేదు. ఇప్పుడు ఒప్పుకొన్నచో తన గతి ఏమని అడుగుచున్నాడు.

చర్మముమీది కోత

గుండెనొప్పి గల రోగులకు రొమ్ముటెముక కిరుప్రక్కలనున్న ధమనులను కట్టివేసినచో, ఆ రక్తము గుండెకు మళ్ళి నొప్పి తగ్గునని 1950 దశాబ్దిలో ఒక ఆపరేషను ప్రచారములోనికి వచ్చెను. చేయుట సులభము, చేయించుకొన్నవారు ఉపశమనము కలిగినదని సంతోషముతో చెప్పిరి. సియాటిల్ నగరమున లెనార్డ్ కాబ్ 17 మంది రోగులను తీసికొని, అందరికిని చర్మము కోసి ధమనులను పైకి తీసిన పిమ్మటనే శస్త్రవైద్యునికి కట్టవలెనో కట్టకూడదో తెలుపు కవరు అందునట్లు ఏర్పాటు చేసెను. ఎనమండుగురికి కట్టిరి, తొమ్మండుగురికి కట్టకుండ కుట్టివేసిరి. తరువాత రోగులను పరీక్షించినవారికిగాని, రోగులకుగాని ఎవరెవరో తెలియదు. 1959లో ఫలితము వెలువడినది: కట్టినవారును, కట్టనివారును సమానముగనే మెరుగైరి. మరుసటియేట ఇంకొకచోట 18 మందితో జరిగిన పరీక్షయు ఇట్లే ముగియగా, ఆ ఆపరేషను కనుమరుగైనది. కోత మాత్రమే పడవచ్చునని ఆ రోగులకు ముందుగ చెప్పకపోవుట నేటి ధర్మదృష్టికి సమ్మతము కాదు. సమ్మతి పొంది చేయు ఇట్టి పరీక్షలు నేడును కలవు. మోకాటికీళ్ళ అరుగుదలకు గొట్టముద్వారా చేయు ప్రక్షాళనము ఉత్తుత్తి కోతకంటె మేలు కాదని అమెరికాలో 180 మందితో చేసి 2002లో ప్రకటించిన పరీక్ష వానిలో ప్రసిద్ధమైనది.

ధమని కట్టనివారు ఎందుకు మెరుగైరి? నమ్మకపు బలము ఒక కారణము. రెండవది కేవలము గణితసంబంధమైనది: హెచ్చుచు తగ్గుచు నుండు బాధలో రోగి వైద్యుని కడకు వచ్చునది బాధ శిఖరమునున్నప్పుడే. శిఖరమునుండి ఏ దారిన పోయినను క్రిందికే గనుక, ఏమి చేసినను, ఏమియు చేయకున్నను, కొన్ని వారములలో సగటు స్థితికి మరలుట సహజము. మిక్కిలి పొడవైన తల్లిదండ్రుల సంతానము వారంత పొడవు కాకుండుటను పరిశీలించి ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో వర్ణించినది ఈ ధర్మమునే. ఆపరేషనుకు ముందు, ఆపరేషనుకు తరువాత అని ఒకే రోగులను చూపి మురియు వ్యాసములన్నింటికి ఈ ధర్మము ఉచితముగ మెరుగును ప్రసాదించుచున్నది.

చిన్న సంఖ్యల గర్వము

మిగిలిన దోషములను క్లుప్తముగ చెప్పవచ్చును. ముప్పదిమందికి ఆపరేషను చేసి ఒక్కరును మరణింపలేదని చెప్పువాని మాట నిజమే, కాని అసలు ప్రమాదము సున్న అని దాని అర్థము కాదు. మూడును రోగుల సంఖ్యచేత భాగించినచో వచ్చునది, నూటికి 95 పాళ్ళ నమ్మికతో, ప్రమాదమునకు పై హద్దు. ముప్పదిమందికి అది నూటికి పది! తేడా కనబడలేదను మాటను రెండును సమానమని చదువుటయు ఇట్టిదే. తేడా లేదని తేల్చిన 71 వైద్యపరీక్షలను 1978లో ఫ్రైమన్, ఆమె సహచరులు పరిశీలింపగా, చికిత్సవలన నిజముగ సగమంత మేలున్నను దానిని చూడలేకపోవు ప్రమాదము నూటికి పదికి మించి వానిలో 50 పరీక్షలకు కలదని తేలినది. చిన్నపరీక్ష కన్ను మసకది. మసకకంటికి అన్నియు సమానములే.

ఒకే పట్టికను ఇరువది విధముల తరచినచో, ఎందును నిజమైన తేడా లేకున్నను, ఏదో ఒకదానిలోనైన తేడా కనబడుటకు నూటికి 64 పాళ్ళ అవకాశమున్నది. గుండెపోటునకు ఆస్పిరిన్ మేలు చేయునని 17,187 మంది రోగులతో 1988లో నిరూపించినవారు, ఉపసమూహములను అడుగుచు పోయినచో ఏమగునో చూపుటకై జన్మరాశులను కూడ అడిగి చూచిరి. మిథున, తులారాశులవారికి ఆస్పిరిన్ కొంచెము కీడు చేసినట్లు తేలినది! ఇక పదిమంది రోగులలో తొమ్మండుగురు నాలుగేసి దినములలో ఇంటికి పోయి, ఒక్కడు చీముపట్టి అరువదినాలుగు దినములున్నచో, సగటు పది దినములు. కాని ఆ వార్డులో పది దినములున్నవాడు ఒక్కడును లేడు. వరుసలో మధ్యనున్న సంఖ్యయగు నాలుగును, పక్కన అరువదినాలుగును చెప్పుటయే నిజము చెప్పుట. అట్లే ఏబదిమంది రెండు మోకాళ్ళను నూరు మోకాళ్ళని లెక్కించినచో నూర్గురు సాక్షులు దొరకరు. ఏబదిమందియే రెండుమారులు సాక్ష్యము చెప్పుదురు.

ముందుగ వ్రాసికొనవలసిన మాట

గణాంకశాస్త్రజ్ఞుని పరిశోధన ముగిసిన పిమ్మట పిలుచుట శవపరీక్షకు పిలుచుటయేయని రొనాల్డ్ ఫిషర్ 1938లో కలకత్తాలో జరిగిన భారత గణాంకసభయందు అధ్యక్షోపన్యాసము చేయుచు హెచ్చరించెను. ఈ అధ్యాయమున చూచిన దోషములలో పెక్కు తరువాత చేయు గణితముచేత పూర్తిగ నయమగునవి కావు. అన్నియు మొదటి రోగి చేరకముందు వ్రాసికొనవలసిన కొన్ని వాక్యములచేత నివారింపదగినవి. ప్రధానఫలితముగ దేనిని కొలుతుము, ఏ దినమునుండి, ఎంతమందిని, చీటీ ఎవరి చేత నుండును, కొలుచువానికి రహస్యము తెలియకుండుట ఎట్లు, మధ్యలో పోయినవారిని ఎచట చేర్చుదుము అనునవే ఆ వాక్యములు. వానిని బహిరంగముగ ముందే నమోదు చేయని పరీక్షలను ప్రకటింపబోమని ప్రముఖ వైద్యపత్రికల సంపాదకులు 2005నుండి నియమము పెట్టుట ఇందుకే.

ఈ నియమములు కత్తికి శత్రువులని తలంచు శస్త్రవైద్యులు నేటికిని లేకపోలేదు. వారికి సమాధానముగ హెన్రీ బార్నెట్ అను కెనడా వైద్యుని రెండు పరీక్షలను చూపవచ్చును. తలమీది ధమనిని మెదడు ధమనికి కలిపి కుట్టు ఆపరేషనును ఆయన నాయకత్వమున 1,377 మందిలో పరీక్షింపగా పక్షవాతము తగ్గలేదని 1985లో తేలినది. పదునార్గురిని విడిచి లెక్కవేసిన ఆ మెడధమని ఆపరేషనునే పిమ్మట ఆయన బృందము తిరిగి చేపట్టి, ధమని 70 శాతమునకు మించి మూసికొనిపోయిన 659 మంది రోగులను చీటీలచేత విభజించి, ఒక్కరిని విడువక లెక్కించి, 1991లో ఫలితము ప్రకటించెను: రెండేండ్లలో ఆ ప్రక్క మెదడునకు పక్షవాతము మందులవారిలో నూటికి 26 మందికి, ఆపరేషనువారిలో 9 మందికి. బల్లమీద కలిగిన పక్షవాతములను, మరణములను అన్నింటిని చేర్చినను మేలు మేలుగనే నిలిచినది. పదునార్గురిని దాచిన లెక్క ఇరువది సంవత్సరములు సందేహమునే మిగిల్చినది. అందరిని చేర్చిన లెక్క ఏ రోగికి ఆ కత్తి అవసరమో తేల్చి చెప్పినది.